పడవకు వాటా లేని లెక్క

నేను చెప్పేదంతా నమ్మకండి. ఈ మాట ముందే అనేస్తే తర్వాత నన్నెవరూ తిట్టడానికి వీలుండదని నా ధీమా. తెనాలిలో మా ఇంటికి ఎవరొచ్చినా మా అమ్మ ముందుగా ఈ జాగ్రత్తే చెప్పేది. "వాడు చెప్పినదాన్ని నడిమికి కొయ్యండి. ఆ సగాన్ని మళ్లీ కొయ్యండి. మిగిలింది చల్లార్చుకుని తినండి" అనేది. నాకు భిన్నాలు నేర్పిన మొదటి గురువు ఆవిడే. కాబట్టి కింద రాసినదాంట్లో గాలి ఏనుగంత వీస్తుంది, మనుషులు తాటిచెట్లంత ఉంటారు, నా భయం మాత్రం బంగాళాఖాతమంత ఉంటుంది. మీకు తోచినంత కోసుకోండి.

అరవైల చివర్లో బాపట్లలో టీచరు ట్రైనింగ్ పూర్తిచేశాను. అక్కడ మాకు బోధన పద్ధతులు చెప్పే మేష్టారిది ఒకటే మంత్రం. "లెక్క పుస్తకంలోంచి రాకూడదు, పిల్లవాడి ఇంట్లోంచి రావాలి." ఈ మాట ఆయన రోజుకి వెయ్యిసార్లు అనేవారు. నిద్రలో కూడా అంటున్నారని వాళ్లావిడ ఇరుగుపొరుగులతో చెప్పుకుని ఏడ్చేదట. నా నమూనా పాఠానికి నేనొక బత్తాయిపండు పట్టుకెళ్లాను. దాన్ని సగం చేసి, సగాన్ని సగం చేసి, పావంటే ఏమిటో చూపించబోతుంటే, వెనక బెంచీలో కూర్చుని మార్కులు వేయాల్సిన ఆయన ముందుకు వచ్చి ముప్పావు తినేశారు. మిగిలిన పావు పైకెత్తి చూపించి పాఠం ముగించాను. "విషయం స్పష్టముగా బోధపడినది" అని నా కాగితం మీద రాశారు. ఆయన వేళ్ల బత్తాయి రసం మరక ఇంకా దాని మీద ఉంది.

ఉద్యోగం రేపల్లె అవతల వచ్చింది. తెనాలిలో రైలెక్కాలి, రేపల్లెలో దిగాలి, అక్కణ్ణుంచి బస్సులో పోవాలి, బస్సు జడిసి ఆగిపోయిన చోట దిగి ఇసకలో నడవాలి. ఒక అడుగు ముందుకు వేస్తే ముప్పావు అడుగు వెనక్కి జారేది. బయల్దేరినప్పుడు నాకు మీసం లేదు, చేరేసరికి వచ్చింది. అదొక సముద్రపు ఒడ్డు పల్లె. మగవాళ్లందరూ సముద్రం మీద వేటకు పోయేవాళ్లే, ఆడవాళ్లందరూ చేపలమ్మేవాళ్లే.

బడి అంటే ఒక తాటాకుల పాక. ఒకప్పుడు వలలు దాచుకునేందుకు వేసింది. భర్త పోయిన ఒక పెద్దావిడది ఆ పాక. పిల్లలు ఎండలో కూర్చుంటున్నారని బడికిచ్చేసింది. ఊరంతా వరస కొద్దీ ఆవిణ్ణి వదినా, అత్తా, పెద్దమ్మా అని పిలిచేవారు. నేను పెద్దమ్మా అనేవాణ్ణి. గొంతెత్తి పిలిచిందంటే, వెళ్లిపోతున్న అల కూడా నన్నేనా అని వెనక్కి తిరిగి చూసేది. రెండు పూటలా నా తిండి ఆవిడింట్లోనే. ఆవిడకున్న ఆస్తల్లా ఒక పడవ, ఒక వల. ఆడవాళ్లు వేటకెళ్లరు కనక, ఆ పడవ మీద నలుగురు మగవాళ్లు వెళ్లి వచ్చేవారు. వాళ్లలో పెద్దవాడు ఆవిడ మరిది.

ఇక నాలుగో తరగతి పిల్లలకు నేను చెప్పిన మొదటి భిన్నాల లెక్క దగ్గరికి వస్తాను. పుస్తకంలో ఇలా ఉంది: నలుగురు స్నేహితులు ఒక ఆపిల్ పండును సమానముగా పంచుకొనిన ఒక్కొక్కరికి వచ్చు భాగమెంత?

"ఆపిలంటే ఏంటి మేష్టారూ?"

"పండు."

"ముళ్లుంటయ్యా?"

ఆపిల్ పండును నేను మాత్రం ఎక్కడ చూశాను? తెనాలిలో ఒక కొట్లో అద్దం వెనక పెట్టినది చూశాను, అదీ మైనంతో చేసిందని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు బాపట్ల మంత్రం గుర్తొచ్చింది. లెక్క పిల్లవాడి ఇంట్లోంచి రావాలి! సరే అని ఆపిల్‌ను అవతల పారేసి, చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద రాశాను: నలుగురు ఒక పడవలో వేటకు వెళ్లారు. పడిన చేపలను పంచుకున్నారు. ఒక్కొక్కరికి ఎన్నో వంతు?

"ఆరో వంతు మేష్టారూ!"

అందరూ ఒక్కసారే అరిచారు. పాక మీది తాటాకులు లేచి మళ్లీ కూర్చున్నాయి. నా చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలైంది.

"వెళ్లిందెంతమంది?"

"నలుగురు."

"పంచుకున్నదెవరు?"

"ఆళ్లే, నలుగురు."

"మరి ఒక్కొక్కరికీ?"

"ఆరో వంతు!"

తప్పు చెప్పే పిల్లల్ని చూశాను. ఒకరి తప్పు ఒకరు కాపీ కొట్టేవాళ్లనీ చూశాను. ఇంతమంది పిల్లలు ఇంత నిబ్బరంగా, ఒకే తప్పును, దేవుడి మీద ప్రమాణం చేసినట్టు చెప్పడం నా జన్మలో చూడలేదు. ముందు పళ్లూడిన ఒక పిల్ల లేచింది. ఆ మరిదిగారి కూతురే.

"పడవకో వాటా, వలకో వాటా తియ్యాలి గదా మేష్టారూ. తియ్యకుండా ఎవురన్నా పంచుకుంటారా?"

"పడవ చేపలు తింటుందా?" అన్నాను వెటకారంగా.

పిల్లలు నా వంక జాలిగా చూశారు. ఇంకో కుర్రాడు, "పడవ లేకుండా ఎట్టా ఎల్లారు మేష్టారూ, ఈదుకుంటానా?" అన్నాడు.

"లెక్కలో పడవ ఉందిరా! దానికి వాటా లేదంతే!" అని గర్జించాను. గర్జన రేపల్లె స్టేషను దాకా వినిపించి ఉంటుంది. బోర్డు మీద ఈ చివర్నుంచి ఆ చివరికి, బండిచక్రమంత అక్షరాలతో, నాలుగో వంతు అని రాశాను. "నలుగురు పంచుకుంటే నాలుగో వంతు" అని పాట కట్టించి, మధ్యాహ్నం దాకా పాడించాను. ఇళ్లకు పోతూ కూడా పాడుకుంటూ పోయారు. నా అంతటి ఉపాధ్యాయుడు ఈ తీరంలో పుట్టలేదని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మర్నాడు పొద్దున బడికి వెళ్లేసరికి పాక ముందు పెద్దమ్మ పడవవాళ్లు నలుగురూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ వేళప్పుడు ఆ నలుగుర్నీ నేల మీద చూడటం, నడిసముద్రంలో ఎడ్లబండిని చూడటం లాంటిది. పడవ వాళ్ల వెనకాల, పెద్దమ్మ గుమ్మం ముందు ఇసకలోనే ఉంది. 

మరిది అడిగాడు. "మేష్టారూ, నిన్న మా పిల్ల ఇంటికొచ్చి పాట పాడింది. నలుగురెల్తే నాలుగో వంతంటగా?"

"అవునండి."

"ఇది గవర్నమెంటు లెక్కేనా?"

"పుస్తకంలో లెక్కేనండి." పుస్తకంలో ఉన్నది ఆపిల్ పండు అన్న సంగతి మింగేశాను.

"చూశార్రా!" అని అతను మిగతా ముగ్గురి వైపు తిరిగాడు. "మన తాతలకి చదువు రాక పడవకో కుప్ప, వలకో కుప్ప తీసిపెట్టారు. ఇదిగో, బోర్డు మీదే ఉంది. ఇయ్యాల్టి నించి నాలుగు కుప్పలే."

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. ఆ ఊళ్లో వేట నుంచి రాగానే చేపల్ని ఇసకలో కుప్పలుగా పోస్తారు. వెళ్లిన నలుగురికి నాలుగు కుప్పలు, పడవకొకటి, వలకొకటి. ఆ చివరి రెండూ పడవ గలవాళ్లవి. అంటే పెద్దమ్మవి. వేటకెళ్లని ఆ మనిషికి సముద్రంలోంచి వచ్చేది ఆ రెండు కుప్పలే. వాటిని నేను నిన్న పొద్దున, పిల్లల చేత పాట పాడించి మరీ, తుడిచేశాను. పిల్లలు చెప్పిన జవాబు తప్పు కాదు. తప్పల్లా, నేను రాసిన ప్రశ్నలో ఒక మనిషి లేకపోవడం.

ఇంతలో ఆవిడే వచ్చింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, ఇసకలో కూడా చప్పుడు వచ్చేలా నడిచి వచ్చింది.

"ఏంటయ్యా మేష్టారూ, నా పడవని మీ బోర్డు మీద ముంచేశారంట?"

"పెద్దమ్మా, అది ఊరికే లెక్క..."

"ఊరికే లెక్కయితే ఊరికే ఉండాలి గదా. తెల్లారకముందే ఈళ్లొచ్చి నా గుమ్మంలో నిలబడ్డారేంటి? ఆ రెండు కుప్పల్లోనే పడవకి తారు, వలకి దారం, నాకు కూడు. తమరు రాత్రి చప్పరించిన చేప ఏ కుప్పలోది అనుకున్నారు?"

గొంతులో ముల్లు అడ్డం పడినట్టయింది. నిజంగా పడలేదు గాని, పడ్డా ఇంత బాధ ఉండేది కాదు. గబగబా చాక్‌పీసు తీసి, "చూడండి బాబూ, పడవకొకటి, వలకొకటి కలిపితే ఆరు భాగాలు..." అని బోర్డు మీద దిద్దబోయాను.

"నిన్న నాలుగు, ఇయ్యాల ఆరా?" అన్నాడు మరిది. "తెల్లారేసరికి లెక్క మారుద్దా మేష్టారూ?"

వాళ్లలో ఒకడు నవ్వాడు. "ఆమె పెట్టిన కూడు తింటన్నాడు, ఆమె లెక్కే రాస్తాడు, అంతేగా మావా."

 నేను బోర్డుకి చేరగిలపడి, బోర్డంత నల్లగా అయిపోయాను.

"దిద్దబాకండి మేష్టారూ, ఉంచండి" అంది పెద్దమ్మ నెమ్మదిగా. ఆవిడ నెమ్మదిగా మాట్లాడటం వినడం అదే మొదటిసారి. "ఏమయ్యా మరిదీ, మీ నాలుగో వంతు మీరు తీసుకోండి. నాకు చేప తోక కూడా వద్దు. పడవ మాత్రం నా గుమ్మంలో ఉంటది. వల నా దండెం మీద ఉంటది."

"మరి వేటకెట్టా ఎల్లేది వదినా?"

"లెక్కలో ఉంది నలుగురేగా. ఆ నలుగురూ ఎల్లండి."

సముద్రం ఠక్కున నోరు మూసుకుంది. దూరంగా మిగతావాళ్ల తెరచాపలు తెల్లగా కనిపిస్తున్నాయి. నలుగురూ వాటి వంక చూశారు, పడవ వంక చూశారు, తర్వాత నా వంక చూశారు. చూపుతో మనిషిని ఎండబెట్టవచ్చునని నాకప్పుడు తెలిసింది. పళ్లూడిన పిల్ల పాకలోంచి తల బయటికి పెట్టింది.

"మేష్టారూ, ఏమీ పడకపోతే నాలుగో వంతెంత?"

నేను నోరు తెరిచేలోపే పాకంతా, "సున్నా!" అంది.

మరిది ముందు కూతురి వంక గుడ్లురిమి చూశాడు. తర్వాత పెద్దగా నవ్వేశాడు. "దీన్ని బడికి పంపడమే నాది తప్పు. పద వదినా, పడవ తోయించు" అన్నాడు. ఆ సాయంత్రం ఇసకలో ఆరు కుప్పలు పడ్డాయి.

ఇక్కడితో ఆపేస్తే బాగుండును. ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఇక్కడే ఆపి, నవ్వించి, కాఫీ తాగి వెళ్లిపోయేవాణ్ణి. మీసం, తాటాకులు, నోరు మూసుకున్న సముద్రం, ఇవన్నీ నేను ఊది పెంచినవే. వాటిని మీరు ఈపాటికే కోసేసి ఉంటారు. ఆ పిల్ల అడగడం నిజం, సున్నా నిజం, పెద్దమ్మ అన్న ప్రతి మాటా నిజం. కల్పించింది ఒక్కటే. మరిది నవ్వడం, ఆ సాయంత్రమే ఆరు కుప్పలు పడటం. జీవితమంతా పెంచి చెప్పిన నేను, తగ్గించి చెప్పింది అదొక్కటే.

అతను నవ్వలేదు. కూతురి చెయ్యి పట్టుకుని బడిలోంచి లాక్కుపోయాడు. ఆ నలుగురూ వేరేవాళ్ల పడవల మీద మనిషి తక్కువైనప్పుడల్లా వెళ్లేవారు, లేనప్పుడు ఒడ్డున కూర్చునేవారు. పెద్దమ్మ పడవ గుమ్మంలోనే ఎండింది. అమావాస్య పోయి పున్నమి వచ్చినా ఎండుతూనే ఉంది. కొయ్య ఎండి చెక్కల మధ్య సందులు విడిచాయి, ఆ సందుల్లోంచి ఎండ లోపలికి గీతలు గీతలుగా పడేది. బోర్డు తుడవడానికి ఆవిడ ఒప్పుకోలేదు. మిగిలిన కాస్త జాగాలో కూడికలు చెప్పుకుంటూ వచ్చాను.

నా కంచంలో ఎండుచేప మాత్రం ఒక్క పూట కూడా తప్పలేదు. ఒకనాడు ఉండబట్టలేక, "మీకుందా పెద్దమ్మా?" అని అడిగాను.

"పిల్లల్ని అడగండి లెక్కలు. నన్నడుగుతారేంటి? తినండి" అంది.

తర్వాత ఒక పొద్దున మరిది తారు డబ్బా పట్టుకుని వచ్చాడు. వదినను పలకరించలేదు, నా వంక చూడలేదు. పడవ పక్కన గొంతుక్కూర్చుని, చెక్కల సందుల్లో పీచు కూరుతూ, పైన తారు రాస్తూ పోయాడు. పెద్దమ్మ గుమ్మంలోంచి చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి, ఎసట్లో ఇంకో దోసెడు బియ్యం పోసింది.