అమ్మ వద్దన్న నైలాను

ఆ రోజుల్లో నాకు నోరు ముందు, బుద్ధి వెనక. ఇప్పుడేమైనా మారానా అని మాత్రం అడగకండి, ఆ సంగతి మా ఇంట్లోవాళ్ళు చెప్పాలి. అప్పటికి ఇరవై మూడేళ్ళు. విరుదునగర్‌లో ఒక పప్పుల మిల్లు ఆఫీసులో బస్తాలకు అంటించే చీటీలు అచ్చుతీసే ఉద్యోగం. కోవిల్‌పట్టి పక్కనున్న మా ఊరినుంచి రోజూ బస్సులో వెళ్ళడం, బస్సులో రావడం. నేను ఎక్కిన అతి ఎత్తయిన చోటు ఏదంటే మా మిల్లు మేడ, అదీ టీ తాగడానికి. అలాంటిదాన్ని, విమానంలోంచి దూకుతానని నలుగురి ముందూ మాటిచ్చేశాను.

కారణం మా గొప్పలన్న. నా పక్క కుర్చీలో పనిచేసేవాడు, కోతలు కోయడంలో అతణ్ణి మించినవాడు మిల్లులో లేడు కాబట్టి అందరం కలిసి పెట్టిన పేరది (అసలు పేరు రాస్తే ఇప్పటికీ ఊరుకోడు). ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తింటూ ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. మైసూరు వైపు ఎక్కడో కొత్తవాళ్ళకు పారాచూట్‌తో దూకడం నేర్పే శిబిరమట. తను వెళుతున్నానన్నాడు. అంతటితో ఆగి ఉంటే సరిపోయేది. "ఆడపిల్లలకు ఇది చూడ్డానికి బాగుంటుందిలే" అన్నాడు. నా నోట్లో ఉన్న ముద్ద మింగకుండానే "నా పేరు కూడా రాయండి" అన్నాను. సాయంత్రానికి ఇద్దరి పేర్లూ నమోదైపోయాయి. ఆ రోజు బస్సు కిటికీలోంచి పైకి చూస్తే ఆకాశం మామూలు కంటే చాలా దూరంగా కనిపించింది.

అయినా నాకు పెద్ద దిగులు లేదు. ఎందుకంటే ఇంట్లో అమ్మ ఉంది. మా అమ్మ ముప్ఫై ఏళ్ళు శివకాశి వైపు పట్టాసు కంపెనీలో పనిచేసింది (టపాసుల్ని మేము పట్టాసులే అంటాం). మోకాళ్ళు నొప్పులని అప్పటికి రెండేళ్ళ కిందే మానేసినా, పొయ్యి వెలిగించేటప్పుడు కూడా ముఖం పక్కకు తిప్పే అగ్గిపుల్ల గీసేది. అంత జాగ్రత్త మనిషి నన్ను ఆకాశంలోంచి దూకనిస్తుందా? చచ్చినా ఒప్పుకోదు. అమ్మ వద్దంటుంది, నేను ఆఫీసులో పెద్దగా నిట్టూర్చి "నాకు దూకాలనే ఉంది, ఏం చేయను, అమ్మ మాట కాదనలేను" అంటాను. పరువూ దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది. ఇంత చక్కటి ఉపాయం తట్టినందుకు దారిపొడుగునా నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. నేను ఎదురుగా నిలబడి, గొంతు వీలైనంత గట్టిగా పెట్టి చెప్పాను.

"అమ్మా, నేను ఏరోప్లేన్‌లోనించి దూకబోతుండా."

అమ్మ తలెత్తలేదు. "ఎప్పుడు?"

"వచ్చే నెల."

రెండు కాయలు ఒలిచింది. "ఏం గుడ్డ ఏసుకొని?"

వద్దనడం తప్ప ఇంకేదైనా అంటుందని నేను అనుకోలేదు. నోరు తెరుచుకుని నిలబడితే, "ఏమేమి కావాలంటిరో ఆ చిట్టా సదువు" అంది. శిబిరంలో నేర్పే సారు పంపిన జాబితా ఫోన్‌లోంచి చదివాను. చెవులకు మాట వినిపించే తేలికపాటి హెల్మెట్. గాలికి ఊడిపోని కళ్ళద్దాలు. కొక్కేలు లేని, మడమ ఎత్తులేని బూట్లు (కొక్కేలుంటే తాళ్ళు చిక్కుకుంటాయట). ఒంటికి సరిపడే, వదులుగా లేని జంప్‌సూట్. ఎత్తు చూపించే గడియారమూ, పారాచూటూ వాళ్ళే ఇస్తారు, నేర్చుకునేవాళ్ళు తొందరపడి సొంతంగా కొనవద్దు. అమ్మ అంతా విని, చేటలో పొట్టు ఊదేసి, "నైలాను మాత్రం వద్దు" అంది.

ఈ నైలాను సంగతి చెప్పాలి. పట్టాసు కంపెనీలో నైలాను బట్ట కట్టుకుని లోపలికి పోకూడదు, రాపిడికి నిప్పురవ్వ పుడుతుందని. మేకులున్న చెప్పులు వేసుకోకూడదు. పనిగదిలోకి అడుగుపెట్టే ముందు గుమ్మం దగ్గర బిగించిన రాగి రేకును ఉత్త చేత్తో ముట్టుకోవాలి, ఒంట్లో ఏమైనా కరెంటు ఉంటే భూమిలోకి దిగిపోవడానికి. అమ్మ ఈ చట్టాలన్నీ కంపెనీ వ్యానులో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది. బళ్ళో వార్షికోత్సవానికి పన్నెండుమంది సీతాకోకచిలుకలు తళతళలాడే నైలాను రెక్కలతో ఎగిరితే, పదమూడో చిలుక నూలు రెక్కలతో, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించుకుని ఎగిరింది. ఆ పదమూడోది నేను. సాయంత్రం కంపెనీ వ్యాను దిగి ఇంటికొచ్చినా అంతే, నన్ను ముట్టుకోబోయే ముందు కిటికీ ఇనుప కడ్డీని ఒకసారి ముట్టుకునేది. అమ్మలందరూ పిల్లల్ని ఎత్తుకునే ముందు కిటికీ ముట్టుకుంటారని నేను చాలాకాలం అనుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం నన్ను వెంటబెట్టుకుని విరుదునగర్ బయల్దేరింది. ఇంట్లో తెలుగే అయినా గడప దాటితే మా నాలుకలు తమిళానికి తిరుగుతాయి, హెల్మెట్ షాపులోనూ అదే మాట్లాడాం. షాపాయన "ఏ బండికమ్మా?" అన్నాడు. "బండికి కాదు, ఏరోప్లేన్‌కు" అంది అమ్మ. ఆయన అమ్మను చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అడగకుండా షాపులో అన్నిటికంటే బరువైనది తీసి నా తలకు దిగ్గొట్టాడు. అమ్మ నా వెనక్కి వెళ్ళి నిలబడింది. కాసేపటికి ముందుకు వచ్చి, "ఏం చెప్తిని?" అని తెలుగులో అడిగింది. ఏమీ వినిపించలేదన్నాను. "అట్లయితే తీసెయ్యి. తప్పు జరగతాదంటే కంటికన్నా ముందు చెవికే తెలుస్తాది. మా కంపెనీలో బుస్సుమనే సద్దు విని బయటికి పరిగెత్తినోళ్ళే మిగిలిండేది." అలా ఏడు హెల్మెట్లు పెట్టించి, వెనక నిలబడి గుసగుసలాడి, చివరికి చెవుల దగ్గర చిల్లులున్న ఒక తేలికపాటిది ఒప్పుకుంది. మొదటి ఆరుసార్లూ ఏమని గుసగుసలాడిందో నాకు చెప్పలేదు. దాని ఫోటో సారుకు పంపితే, ఇలాంటిదే కావాలని జవాబిచ్చాడు. "ఆయన గూడ పట్టాసు కంపెనీలో ఉండినాడా?" అంది అమ్మ గౌరవంగా.

బూట్ల షాపులో ఇంకా ఘోరం. జత చేతికిచ్చిన వెంటనే అమ్మ కిందికి వంగి, వాటి అడుగుల్ని సిమెంటు మెట్టుకేసి బరబరా రాయడం మొదలుపెట్టింది, రవ్వలొస్తాయేమోనని. కొనకముందే అరిగిపోతున్న బూట్లను చూసి షాపులో కుర్రాడు గుండెలు బాదుకున్నాడు. నేను గోడకేసి తిరిగి, అక్కడ వేలాడుతున్న చెప్పుల్ని ఎంతో శ్రద్ధగా చూస్తున్నట్టు నటించాను.

జంప్‌సూట్ మాత్రం కోవిల్‌పట్టిలో అంగుళం మామ కుట్టాడు. ఆయన మా అమ్మకు వరసకు అన్న. ఏది కుట్టినా పిల్లలు పెరుగుతారని అంగుళం వదిలి కుడతాడు కాబట్టి ఆ పేరు. నాకు ఇరవై మూడు, ఇక పెరగను మామా అని ఎంత మొత్తుకున్నా, "ఇప్పుడు పెరగకుంటే రేపు లావెక్కవా పాపా?" అని చేతులకు అంగుళం, కాళ్ళకు అంగుళం, నడుముకు రెండంగుళాలు వదిలాడు. మంచి దిట్టమైన నూలు బట్ట, ఊదారంగు. వేసుకుని అద్దం ముందు నిలబడితే, పత్తిచేలో పిట్టల్ని తోలడానికి నిలబెట్టిన దిష్టిబొమ్మ కనిపించింది. అమ్మ చుట్టూ తిరిగి చూసి, "రొంబ బాగుండాది" అంది, చాలా బాగుందని.

ఇన్ని జరుగుతున్నా నా ఉపాయం మీద ఆశ చావలేదు. నా దగ్గర బ్రహ్మాస్త్రం ఒకటి మిగిలి ఉంది. ప్రయాణం నాలుగు రోజులుందనగా, సాయంత్రం పూట అమ్మ పక్కన కూర్చుని మెల్లగా వదిలాను. "అమ్మా, పారాచూట్ ఉండాదే, అది అంతా నైలానే."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "అంతానా?"

"గుడ్డ, తాళ్ళు, సంచి. అన్నీ."

నేను మనసులో పెట్టె సర్దుకోవడం ఆపేశాను. అప్పుడు అడిగింది. "దాన్ని మడిచేది ఎవురు?"

నాకు అప్పటిదాకా తట్టనేలేదు. కంపెనీలో అమ్మ చివరి పదేళ్ళు చేసిన పని అదే. పైకి వెళ్ళి పేలి, చిన్న గొడుగులాంటి పారాచూట్‌కు వేలాడుతూ వెలుగు కిందికి దిగే పట్టాసు ఒకటుంటుంది, చూసే ఉంటారు. ఆ అరచేతంత పారాచూట్లను మడిచి గొట్టంలో పెట్టేది మా అమ్మ. రోజుకు కొన్ని వందలు. "ఒక మడత తప్పితే సాలు, విచ్చుకోదు. రాయి మాదిరి పడతాది. నేను మడిచిన దానికి ఒక దీపమే కదా వేలాడింది, అయినా పండగనాడు పైకి చూడాలంటే బయం నాకి." శిబిరంవాళ్ళు పంపిన వీడియోల్లో పారాచూట్ మడిచేది ఒకటుంటే పెట్టించుకుంది. ఒకామె నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని ఆ పెద్ద గుడ్డను మడుస్తోంది. అమ్మ దాన్ని నాలుగుసార్లు చూసింది. నాలుగోసారి ఫోన్ నా చేతికిచ్చి, "ఆ పాపకు తొందర లేదు. మంచి చెయ్యి. పో, నైలానైనా పరవాల" అంది.

మర్నాడు ఆఫీసుకు వెళితే గొప్పలన్న పెద్దగా నిట్టూరుస్తున్నాడు. "నాకు దూకాలనే ఉంది, ఏం చేయను, మా అమ్మ వద్దంది" అన్నాడు. నేను దాచుకున్న మాట, ముక్క కూడా మార్చకుండా వాడేసుకున్నాడు. ఇక ఆ దారి మూసుకుపోయింది. ఇంటికొచ్చి, సర్దిన సంచీ పక్కన కూర్చుని, నూలు జంప్‌సూట్ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేశాను. అంతా చెప్పేశాను, నిట్టూర్పు ఉపాయంతో సహా.

అమ్మ నవ్వలేదు. పక్కన కూర్చుంది. "నేను వద్దంటినని సెప్పు పో. ఆ మాట నేను మోస్తా, నాకేమి బరువు. కానీ నిజం సెప్పు. నీకి దూకాలని ఉండాదా, లేదా?"

ఆశ్చర్యం ఏమిటంటే, ఉంది. అన్ని హెల్మెట్లు పెట్టుకుని, అన్ని వీడియోలు చూశాక ఎప్పుడు పుట్టిందో తెలియదు కానీ ఉంది. "ఉండాది. బయం గూడ ఉండాది."

"రెండూ ఉంటాయి పాపా. ముప్పై ఏండ్లు, దినామూ ఆ రాగి రేకు ముట్టేటప్పుడు నాకి బయమే. సాయంత్రం వ్యాను వచ్చేదాకా నువ్వు రోడ్డు కాడ రాయి మీద కూసోని ఉంటివి. రెండు నిమిషాలు లేటైతే నీ మొగం ఎట్ల ఉంటాదో వ్యానులోనించే కనపడేది. నేను పోకుండా ఉండలేదు, నువ్వు కూసోకుండా ఉండలేదు." చీర కొంగుతో నా ముఖం తుడిచింది. "ఇప్పుడు నువ్వు పో. నేను కూసుంటా."

వెళ్ళాను. సంచీలో కోవిల్‌పట్టి కడలమిఠాయి (వేరుశనగ చిక్కీ) రెండు పొట్లాలు పెట్టింది, ఒకటి నాకు, ఒకటి మడిచే ఆమెకు. "ఆకలితో మడవరాదు. తినిందా అని అడిగినాకే కట్టుకో" అని ఆజ్ఞ. మూడు రోజుల శిక్షణ అయ్యాక, దూకే పొద్దున నా ఊదారంగు జంప్‌సూట్ వేసుకుని నిలబడితే సారు నడుము దగ్గరి వదులును వేళ్ళతో పట్టి లాగి చూశాడు. తర్వాత, ఇంత వదులు బట్ట గాలికి ఎగిరి పారాచూట్ పిడిని కప్పేస్తుందని వివరించి, శిబిరం సూట్ ఒకటి చేతిలో పెట్టాడు. నైలాను. నెలరోజుల మా అమ్మ కష్టం, మామ వదిలిన అంగుళాలన్నీ సంచీలోకి వెళ్ళాయి. మడిచే ఆమెను వెతికి మిఠాయి ఇచ్చి తిన్నారా అని అడిగితే, ఇక్కడ ఎవరూ అడగలేదమ్మా అని నవ్వి, నా ముందే ఒక ముక్క కొరికింది.

విమానం తలుపు తెరిచాక ఏం జరిగిందో పెద్దగా గుర్తులేదు. చెవుల నిండా హోరు. కింద పొలాలు అతుకుల బొంతలా ఉన్నాయి. సారు భుజం తట్టాడు. నేను దూకకుండా, తలుపు పక్క ఇనుప చట్రాన్ని ఉత్త అరచేత్తో ఒకసారి ముట్టుకున్నాను. భయమా అని అరిచాడాయన. భయమే సార్, అయినా అందుకు కాదు అని అరిచి, దూకేశాను. మడిచిన ఆమె చెయ్యి నిజంగానే మంచి చెయ్యి. మడతలన్నీ విచ్చుకున్నాయి.

దిగగానే అమ్మకు ఫోన్ చేశాను, ఫోటో పంపాను. "తింటివా?" అంది, అంతే, పెట్టేసింది. మర్నాడు బస్సు రెండు గంటలు ఆలస్యం. మా ఊరి రోడ్డు మలుపు తిరగగానే కిటికీలోంచి చూశాను. నేను చిన్నప్పుడు కూర్చున్న రాయి మీద అమ్మ కూర్చుని ఉంది. రెండు నిమిషాలు లేటైతే నా ముఖం ఎలా ఉండేదో ఆ రోజు నాకు కనిపించింది. బస్సు దిగి పరిగెత్తాను. అమ్మ లేచింది. నన్ను ముట్టుకోబోతూ ఆగి, పక్కనున్న బస్టాపు ఇనుప స్తంభాన్ని ఒకసారి ముట్టుకుంది. పని మానేసి రెండేళ్ళయినా. అప్పుడు రెండు చేతులతో నా ముఖం పట్టుకుని, "నైలానే ఏసినావు. పోటోలో సూస్తిని" అంది.

మళ్ళీ దూకలేదు. హెల్మెట్ స్కూటీకి పనికొస్తోంది, జంప్‌సూట్ మూడు దిండు గలీబులై ఇంకా చిరగలేదు, అంగుళం మామ వదిలిన బట్ట అంత. అమ్మను తప్పించుకునే సాకుగా వాడుకోవాలనుకున్న ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. మొన్న అడిగాను, ఆనాడు హెల్మెట్ షాపులో నా వెనక నిలబడి మొదటి ఆరుసార్లూ ఏమని గుసగుసలాడావమ్మా అని. వయసు మీద పడింది, మరిచిపోయి ఉంటుందనుకున్నాను. "వద్దు పాపా, పోవద్దు అంటిని" అంది. ఏడోసారి నాకు వినిపించింది ఆ మాట కాదు కదా అంటే, "నీకి వినపడతాదని తెలిసినాక ఎట్ల అంటా? ఆకలైతుండాదా అంటిని" అంది.