ఏడుసార్లు చెరిపేశా

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. మా అమ్మ మీద ఒట్టు... ఆ రాత్రి టీ తప్ప నేను ఏమీ తాగలా.

కంప్యూటర్లు బాగుచేసే పని నాది. గురజాలలో సుబ్బయ్యగారని ఒక దస్తావేజు లేఖరి ఉన్నాడు. ఆయన ఆఫీసులో ఇరవై ఏళ్ళు టైపు చేసిన వెంకటేశ్వర్లు అంతకుముందు నెలే గుండెపోటుతో పోయాడు. భార్య నాగమణక్క ఆ సీటు అడిగింది. మొగుడి దగ్గరే టైపు నేర్చుకుంది ఆమె. ఆఫీసులో ఉన్న పాత కంప్యూటరు నడిస్తే రేపు పొద్దున్నే వచ్చి కూర్చో, నడవకపోతే కొత్తది కొనలేను, టైపు బయట చేయించుకుంటానన్నాడు సుబ్బయ్యగారు. అట్లా ఆమె బతుకుతెరువు వచ్చి నా పెన్‌డ్రైవ్ మీద పడింది.

పాత ఫైళ్ళు వేరే డిస్కులోకి తీసి పెట్టి, ఉన్నదంతా తుడిచేశా. విండోస్ బదులు ఊరికే దొరికే లైనక్స్ ఎక్కిద్దామని కూర్చున్నా. పెన్‌డ్రైవ్ పట్టదు. పట్టింది అనుకునేసరికి కరెంటు పోయింది. ఒళ్ళు మండిపోయింది నాకు. ఎట్లాగో పదకొండున్నరకి ఎక్కింది. కీబోర్డు పనిచేస్తోందా అని ఖాళీ పేజీ తెరిచా.

ఖాళీగా లేదు...

పైన మధ్యలో ఐదారు ఇంగ్లీషు అక్షరాలు. అర్థంపర్థం లేదు. చెరిపేశా. మిషను బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ వేశా. మళ్ళీ అవే. చెరిపా. మళ్ళీ బిగుసుకుంది. ఇట్లా ఏడుసార్లు. నోటికొచ్చిన బూతులన్నీ అయిపోయాయి.

కీ ఏదో ఇరుక్కుందనుకుని కీబోర్డు వైరు పీకేశా. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మౌసుతో పేజీ తెరిచా. ఈసారి ఖాళీ. హమ్మయ్య అనుకున్నా.

టక్...

తెర మీద ఒక అక్షరం.

టక్... టక్...

చప్పుడు నా ఒళ్ళోంచే వస్తోంది. వేళ్ళు కీల మీదే ఉన్నాయి నాకు. ఒక్క కీ కూడా కదల్లా... వైరు కాళ్ళ దగ్గర వేలాడుతోంది. తెర మీద ఒక్కొక్కటే వస్తున్నాయి... నిదానంగా... అవే అక్షరాలు. అన్నీ వచ్చాక ఆగింది.

భయమేసింది. భయం కంటే విసుగు ఎక్కువ. "ఏంది నాకీ గోల, ఉంటే ఉండు" అని పైకే అనేశా. చెరపలా. వైరు పెట్టి కింద లైనులో నా పేరు కొట్టా. వచ్చింది. ఇక తెల్లారేదాకా మిషను ఒక్కసారి కూడా ఆగలా.

పొద్దున నాగమణక్క వచ్చింది. తెర చూసి కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది.

"ఇది శ్రీరామ, మస్తానూ. పాత తెలుగు ఫాంటు లేని మిషన్లో ఇట్టా ఇంగ్లీషు అక్షరాల్లాగా కనపడుద్ది. ఇది కొట్టకుండా మీ బావ ఏ పనీ మొదలుపెట్టేవాడు కాదు."

ఏడుసార్లు చెరిపానని ఆమెతో అనలేకపోయా. ఇప్పటికీ చెప్పలా.

నా పేరు మాత్రం చెరిపేసింది. పై లైను జోలికి పోలేదు. ఆ కిందే మొదటి దస్తావేజు మొదలుపెట్టింది.

ఏమో... పాత మిషన్లు, ఏమైనా చేస్తాయి. కానీ ఆ వైరు... నేను పీకాను కదా? పీకాననే గుర్తు.