మిగిలినవారు అవుతున్నారండి

నా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాయి. చదివేవారు మన్నించాలి. ఇది కొబ్బరికాయలు ఒలిచే చెయ్యి. కలం పట్టింది ఈమధ్యనే. పట్టించినావిడ పోయారు.

మా లెక్కల మేడమ్ గారు పోయిన కబురు మా కోడలి ఫోనుకి వచ్చింది. నేను కొబ్బరి రాశి దగ్గర పనిలో ఉంటే పరుగున వచ్చింది. "మేడమ్ గారు లేరంటండి మావయ్య గారూ. పొద్దున్న గుండెనొప్పి వచ్చిందంట," అంది. చేతిలో కాయ అలాగే పట్టుకుని ఉండిపోయాను. ఒలవలేదు, కింద పెట్టలేదు.

తెలియనివారికి చెబుతాను. అంబాజీపేట దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆదివారాలు ఓపెన్ స్కూలు క్లాసులు జరుగుతాయి. మధ్యలో బడి మానేసినవారు ఏ వయసులోనైనా చేరి పదో తరగతి రాయవచ్చు. ఒక్కొక్క సబ్జెక్టే రాసుకుంటూ పోవచ్చు. వారమంతా పిల్లలకు పాఠాలు చెప్పిన మేడమ్ గారే ఆదివారం మాకూ చెప్పేవారు.

నేను చదువుదామని వెళ్ళలేదు. కోడలు ఒక్కతీ వెళ్ళడానికి మొహమాటపడితే తోడు వెళ్ళి వరండాలో కూర్చునేవాణ్ణి. ఒకరోజు మేడమ్ గారు గుమ్మంలోకి వచ్చి, "అక్కడెందుకండీ, ఉక్కపోస్తంది. లోపల ఫ్యానుంది," అన్నారు. ఫ్యాను కోసం లోపలికి వెళ్ళాను. ఏం చదివారని అడిగితే ఐదో తరగతి అన్నాను. ఆ తర్వాత బైబిలు అన్నాను. "అయితే తెలుగు పాసైపోతారండి," అన్నారు. నిజంగానే అయ్యాను.

ఆ గదిలో ఎవరెవరు ఉండేవారో చెబుతాను. కాట్రేనికోన వైపు నుంచి చేపలు తెచ్చి మా ఊళ్ళో అమ్ముకునే ఆవిడ, ఆదివారం బేరం ముగించుకుని వచ్చేది. ఆటో నడిపే ఆయన ఉండేవాడు. రొయ్యల చెరువు కాపలా అన్నదమ్ములు ఉండేవారు. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించి పెళ్ళి చేస్తే వచ్చిన, భూములున్న ఇంటి కోడలు ఒకావిడ. ఆ ఇంటి చేలో ఊడ్పులకు వెళ్ళే మా పేట అమ్మాయి ఇంకొకతె. ఆ ఇద్దరిదీ ఒకే బెంచీ. ఒక సబ్జెక్టు వచ్చినవారి పక్కన అది రానివారు కూర్చోవాలి, అదే మేడమ్ గారి పద్ధతి. ఆ ఇంటి కోడలు గారికి లెక్కలు వచ్చు, మా పేట అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు. చిన్నపిల్లల బెంచీలు కదా, అందరి మోకాళ్ళూ చెక్కకి కొట్టుకునేవి.

హాజరు పిలిచేటప్పుడు అందరికీ 'గారు' ఉండేది. మొదటిసారి "సత్యం గారూ" అన్నప్పుడు ఇంకో సత్యం ఎవరో ఉన్నారనుకుని వెనక్కి చూశాను. "మీరేనండి," అని నవ్వారు.

"మేడమ్ గారండీ, చేపైతే చేత్తో పట్టుకుని తూకం చెప్పేత్తానండి. ఈ ఎక్స్ ఎంత తూగుద్దో తెలట్లేదండి," అనేది చేపలావిడ.

"అది తూయడానికే కదండీ వచ్చేరు. కూర్చోండి," అనేవారు మేడమ్ గారు.

ఒక ఆదివారం పైఆఫీసరు ఒకాయన వచ్చారు. పాసైనవారు మరీ తక్కువున్నారని, ఇలాగైతే ఈ సెంటరు ఎత్తేసి దూరపు సెంటర్లో కలిపేస్తామని అన్నారు. నావైపు చూసి, "ఇలాంటి పెద్దవాళ్ళని చేర్చుకుంటే పర్సంటేజీ ఏం మిగులుతుంది మేడమ్?" అన్నారు.

"కొందరు పాసయ్యేరండి. మిగిలినవారు అవుతున్నారండి," అన్నారు ఆవిడ.

"అవుతున్నారు అని రాసుకోడానికి మా దగ్గర చోటు లేదు మేడమ్."

"మీ దగ్గర లేదేమోనండి. ఇక్కడ బెంచీలు ఉన్నాయి."

గొంతు పెంచలేదు. ఆయనకి కుర్చీ వేయించి, కొబ్బరిబోండం తెప్పించి మరీ ఆ మాట అన్నారు.

నేనప్పటికి లెక్కలు తప్ప అన్నీ పాసయ్యాను. లెక్కలు రాసిన ప్రతిసారీ పోయేవి. నా మూలంగా సెంటరు పోతే మా కోడలికీ, ఆ చేపలావిడకీ చదువు పోతుంది. అందుకని మానేశాను. ఎవరికీ చెప్పలేదు.

మేడమ్ గారు కొబ్బరి రాశి దగ్గరికే వచ్చారు. పీచులో చెప్పులు దిగబడుతుంటే నడుచుకుంటూ వచ్చారు. మా షావుకారు గారు నవ్వుతూ, "ఏటండీ, మా సత్యాన్ని కలెక్టర్ని చేత్తారా?" అన్నారు.

"కలెక్టరుకి వయసు దాటిందండి. పదో తరగతికి దాటలేదు," అని నావైపు తిరిగారు. "రావట్లేదేంటండీ?"

"నేను రాయకపోతే మీ పర్సంటేజీ పెరుగుద్ది కదండీ."

"ఆయ్, పెరుగుద్దండి. స్కూలు తగ్గిపోద్ది," అన్నారు.

ఆ వచ్చే ఆదివారం వెళ్ళి కూర్చున్నాను. తర్వాత కూడా పాసవలేదు. అయినా ఒక్కరోజు కూడా ఆవిడ మొహంలో విసుగు చూడలేదు. అంత ఓపిక మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలియదు.

ఇప్పుడు ఆవిడ లేరు. పరీక్షల్లోపు లెక్కలకి ఎవరూ దొరక్కపోతే సెంటరు కలిపేస్తారని హెడ్మాస్టారు గారు చెప్పారు. దూరపు సెంటరంటే ఆడవాళ్ళని ఇళ్ళల్లో పంపరు. ఆ భూములున్న ఇంటి కోడలు గారు తనకి వచ్చినంతవరకూ మాకు చెబుతున్నారు. "నాకొచ్చింది ఇంతేనండి, ఇక్కడ నుంచి నాకూ రాదు," అని ఓ చోట ఆగిపోతారు. అక్కడ మేమందరం ఆగిపోతాం.

మొన్న ఆదివారం వాన పట్టుకుంది. చేతిలో సంచితో ఒకాయన వరండాలోకి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూశారు. మోకాళ్ళు బెంచీలకి తగిలి గదంతా ఒకటే చప్పుడు. అందరం లేచి నిలబడ్డాం. చేపలావిడ కొంగు సర్దుకుని, "రండి సారూ," అంది.

ఆయన కంగారుపడ్డారు. "అబ్బే, నేను వానకి ఆగేనండి," అన్నారు.

వాన తగ్గలేదు గానీ ఆయన వెళ్ళిపోయారు. మేము మాత్రం చాలాసేపు అలా నిలబడే ఉన్నాం.

లెక్కలు వచ్చినవారు మీలో ఎవరైనా ఉంటే ఈ పత్రికవారికి రాయండి, వారు నాకు అందిస్తారు. ఆలస్యం చేయకండి. త్వరగా జవాబు రాయండి.