అమ్మ మాత్రల డబ్బా దాచిన రోజు

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో ఉండగా, అమ్మను కాపాడుకుందామనుకుని నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నాన్న హెచ్‌ఐవితో పోయాక అమ్మకూ అదే ఉందని తేలింది. కారేపల్లి దగ్గర అమ్మమ్మ ఇంట్లో ఉండేవాళ్లం. ఖమ్మం దవాఖానాలో ఇచ్చిన మాత్ర అమ్మ రోజూ పడుకునే ముందు వేసుకోవాలి. మూడో రోజు నుంచే పొద్దున లేస్తే తూలిపోయేది, గోడ పట్టుకుని నడిచేది. కలలో నాన్న వచ్చి పిలుస్తున్నాడని ఏడ్చేది. ఒకరోజైతే నేనెవరో తెలియనట్టు నా వైపు చూసింది.

అమ్మమ్మకు పథ్యం మీద మహా నమ్మకం. అంత పెద్ద మాత్ర ఒట్టి కడుపున పడితే పేగులు కాలిపోతాయని, ముందుగా వేడి అన్నంలో గరిటెడు నెయ్యి పోసి దగ్గరుండి తినిపించేది. అమ్మ తూలిన కొద్దీ నెయ్యి పెంచింది. నాకు మాత్రం ఒక్కటే తోచింది, ఆ మాత్ర అమ్మను చంపేస్తోందని. డబ్బా తీసుకెళ్లి ఎండుమిరప బస్తాలో లోపలికంటా దూర్చేశాను. చేతులు భగభగ మండినా ఎవరికీ చెప్పలేదు. ఆ పూట అమ్మ ఇల్లంతా వెతికి మాత్ర లేకుండానే పడుకుంది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని దవాఖానాకు వెళ్లింది. మందులిచ్చే అక్క డబ్బా ఎట్లా పోయిందని అడగ్గానే నాకు ఏడుపు ఆగలేదు, అంతా చెప్పేశాను. అమ్మ చెయ్యెత్తింది. అక్క ఆపి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మీ చేన్ల మిరపకాయ ఏర ఎంతమంది కూలోళ్లు వస్తరని అడిగింది.

"మీ అమ్మ కార్జంల, గదే లివర్ల గూడ గట్లనే కూలోళ్లుంటరు బిడ్డా. మందును ఇరగ్గొట్టి బయటికి పంపుడు వాళ్ల పని. ఇప్పుడు కొద్దిమందే ఉన్నరు, మందు పేరుకుపోయి తల తిరుగుతది. రోజూ మందు పడుతుంటే కార్జమే ఇంకింత మందిని పెంచుకుంటది. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలె."

అమ్మ చెప్పిన నెయ్యి సంగతి విని అక్క తల పట్టుకుంది. కొవ్వుతో కలిస్తే ఆ మందు ఒంట్లోకి మోతాదు మించి ఎక్కుతుందట, కాబట్టి ఖాళీ కడుపుతోనే వేసుకోమంది.

"నిన్న ఏసుకోలే గదా, మా అమ్మ చచ్చిపోతదా?" అని అడిగాను.

"గా మందు ఒంట్లకెల్లి జల్దీ పోదు. ఇయ్యాల ఏసుకుంటే ఏం గాదు. మల్లమల్ల మానితేనే జబ్బు మొండికెక్కి మందుకు లొంగది. కండ్లు పచ్చబడ్డా, ఒంటి మీద దద్దుర్లు లేసినా ఆగకుండ రాండ్రి."

నన్ను హడలగొట్టిన ఆ మందే, తొందరగా పోని గుణంతో, నా తప్పును ఆ ఒక్కరోజుకు కాచింది. ఇంటికొచ్చాక మిరప బస్తాలోంచి డబ్బా తీసిచ్చాను. అమ్మ నెయ్యి మానేసింది కానీ తూలడం వెంటనే తగ్గలేదు. రోజూ బడికి పోయేముందు అమ్మ కళ్లు పచ్చబడ్డాయేమోనని రెప్పలు లాగి మరీ చూసేదాన్ని. మూడో వారం దాటాక ఒక పొద్దున ఆమె గోడ పట్టుకోకుండా వాకిట్లోకి వచ్చింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

అమ్మకు ఇప్పుడు వేరే మాత్ర ఇస్తున్నారు, ఆరోగ్యంగానే ఉంది. నాకూ పిల్లలున్నారు. భయం పూర్తిగా పోయిందని చెప్పను. ఆరోజు అక్క అడగకపోయి ఉంటే, నేను నోరు విప్పకపోయి ఉంటే, ప్రేమకొద్దీ అమ్మను నేనే చంపుకునేదాన్ని. అందుకే ఇవాళ్టికీ గుండె దడదడలాడినప్పుడు, ఏదైనా చేసే ముందు తెలిసినవాళ్ల దగ్గరికెళ్లి అడుగుతాను.