దూరమా అని మాత్రమే అడిగిన పొద్దున

స్నోషూలు కాలి సైజును బట్టి కాదు, మనిషి బరువును బట్టి ఇస్తారు. వాన కోటు కొందామని మొన్న డబ్లిన్ పక్క ఊరు స్వోర్డ్స్‌లో ఒక కొట్టుకు వెళ్ళి, గోడకు వేలాడదీసిన వాటి ముందు ఊరికే నిలబడిపోయాను. అక్కడ పనిచేసే అమ్మాయి నేను కొనేవాణ్ణనుకుని, ఎంత బరువుంటారని అడిగింది. సిగ్గేసి పది కిలోలు తగ్గించి చెప్పాను. ఆ పిల్ల నా పొట్ట వంక ఒక్క చూపు చూసి, మారుమాట లేకుండా లోపలికెళ్ళి అన్నిటికన్నా పెద్ద జత పట్టుకొచ్చింది. ఎనిమిదో తరగతిలో మా పంతులుగారు వీడికి లెక్కలు రావన్న మాట ఇన్నేళ్ళకు ఐర్లండ్‌లో రుజువైంది.

నవ్వుకుంటూ బయటికి రావలసినవాణ్ణే. కానీ ఆ జత చేతిలోకి తీసుకున్నాక నవ్వు రాలేదు.

చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. బియ్యం చెరిగే చేట ఉంటుందే, దాదాపు అంత వెడల్పున్న చట్రాన్ని బూటు కింద పట్టీలతో బిగించుకుంటే, మన బరువు పరుచుకుని, మెత్తటి మంచులో మోకాలి దాకా కూరుకుపోకుండా పైపైన నడవవచ్చు. వానకు కొదవలేని ఈ దేశంలో అంత మంచు ఎప్పుడో గాని పడదు. పడ్డ ఏడాది మాత్రం బస్సులు ఆగిపోయాయి, కొట్లలో రొట్టె దొరకలేదు, నేను వంట చేసే హోటలు మూతపడింది. అప్పటికి నేను వర్క్ పర్మిట్ మీద వచ్చి, మా అక్కావాళ్ళింట్లో బాక్స్ రూమ్‌లో ఉండేవాణ్ణి. మంచం వేస్తే తలుపు తెరుచుకోని గది అది. అక్క నర్సు. బావకు లెపర్డ్స్‌టౌన్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఆయన చదువు చెప్పాలంటే పేరు వెనక బోలెడు అక్షరాలు, నాకు పేరు రాయడమే గొప్ప; అయినా మా ఇద్దరికీ పడినట్టు ఇంట్లో ఇంకెవరికీ పడేది కాదు. నేను వేసే ప్రతి జోకుకూ నవ్వే మనిషి ఆయన. పాచిపోయిన జోకుకైతే ఇంకాస్త ఎక్కువ నవ్వేవాడు.

ఎప్పుడో ఆఫీసువాళ్ళు ఏదో చలిదేశం పంపితే అక్కడ కొనుక్కొచ్చిన రెండు జతలు, వాడే రోజు రాక, అటక మీద దుమ్ము పట్టి ఉండేవి. రోడ్లు కాస్త తెరుచుకున్నాయని తెలియగానే ఆయన నిచ్చెన వేసి వాటిని దింపాడు. కొండల మీద ఇంకా తొడల లోతు మంచు ఉందనీ, మళ్ళీ ఎన్నేళ్ళకు పడుతుందోననీ నన్ను ఉదయాన్నే లేపాడు. మా అమ్మ అప్పుడు ఊరి నుంచి వచ్చి అక్క దగ్గరే ఉంది. మేం గుమ్మం దాటబోతుంటే అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏవండీ, ఎక్క..." అందో లేదో అమ్మ గబుక్కున దాని నోటి మీద చెయ్యి వేసింది.

"నోర్ముయ్యవే! కాలు బయటపెడుతున్నోళ్ళని అలా అడుగుతారా? దూరమా అనాలి."

"కాస్త దూరమే అత్తయ్యా," అని బావ నవ్వాడు. అక్క కూడా నవ్వింది. నేనైతే చెప్పనే అక్కర్లేదు.

మన ఇళ్ళల్లో ఇది అందరికీ తెలిసిందే. బయలుదేరేవాణ్ణి ఎటని అడిగితే వెళ్ళిన పని చెడుతుందంటారు. మా అమ్మ సముద్రాలు దాటివచ్చినా ఆ పట్టింపు విమానంలో వదిలి రాలేదు.

డబ్లిన్‌కు దక్షిణాన ఉన్న కొండల్లో ఒక అడవి గేటు దగ్గర కారు ఆపాం. నాకు ముందు నడక రాలేదు. కాళ్ళు ఎడం చేసి వేయాలి, లేకపోతే ఒక చేట అంచు మీద రెండోది పడుతుంది. వెనక్కి అడుగు వేయకూడదు, వేస్తే తోక మంచులో గుచ్చుకుని వెల్లకిలా పడతారు. నేను రెండూ చేశాను. కొత్త పంచె ఎక్కడ జారిపోతుందోనని నడిచే పెళ్ళికొడుకులా ఉన్నావురా అని బావ వెక్కిరిస్తే, పెళ్ళికొడుకుకు పట్టుకోవడానికి పెళ్ళికూతురు వేలైనా ఉంటుంది, నాకు నువ్వున్నావు అన్నాను. కాసేపటికి అలవాటైంది. చప్పుడే లేని ఆ తెల్లదనంలో మా అడుగుల కరకర తప్ప ఏమీ వినిపించలేదు. అంత సంతోషంగా ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు, ఆ మాట ఇప్పటికీ ఒప్పుకోవాలి.

మధ్యాహ్నం దాటాక పొగమంచు దిగింది. వెనక్కి తిరిగాం గాని గాలికి మా జాడలు పూడుకుపోయాయి. ఆ కొండల మీద వెనకటివాళ్ళు పొయ్యిలోకి, కట్టెల్లా మండే నల్లమట్టి పెళ్ళలు కోసుకున్న కందకాలు ఉంటాయి. మంచు వాటిని నేలలాగే కప్పేస్తుంది. ముందు నడుస్తున్న బావ ఉన్నట్టుండి నడుము దాకా దిగిపోయాడు. కింద నీళ్ళు. చట్రం అడుగున ఎక్కడో అడ్డంగా ఇరుక్కుంది, కాలు మోకాలి కింద విరిగింది. నీళ్ళలో చెయ్యి పెట్టి, మొద్దుబారిన వేళ్ళతో ఆ పట్టీ ఊడదీసి, ఆయన్ని పైకి లాగేసరికి నా పని కూడా అయిపోయింది. ఆయన ఫోను నీళ్ళపాలు. నా ఫోనులో ఒక్క గీత లేదు. సాయం కోసం ఎటు వెళ్ళాలో తెలియదు, వెళ్తే తిరిగి ఈ గుంట దొరుకుతుందో లేదో తెలియదు. నా కోటు ఆయనకు చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, ఇంట్లోవాళ్ళు ఈపాటికి కంగారుపడి ఎవరినో పంపే ఉంటారని చెప్పాను.

ఇంట్లోవాళ్ళు నిజంగానే కంగారుపడ్డారు. పొద్దు వాలుతుండగా అక్క గార్డులకు, అంటే ఇక్కడి పోలీసులకు, ఫోన్ చేసింది. ఏ కొండ అని అడిగారు. తెలియదంది. ఏ రోడ్డు? తెలియదు. వెళ్ళేటప్పుడు ఎటని అడగలేదా అమ్మా అని ఆ గార్డు మెల్లగా అడిగితే, మా ఇళ్ళల్లో అడగకూడదు అని మా అక్క ఇంగ్లీషులో చెప్పిందట. తనకు సరిగా వినబడలేదనుకుని ఆయన మళ్ళీ చెప్పమన్నాడట. అదే మాట అక్క మళ్ళీ చెప్పింది. అప్పటికి బళ్ళో చదువుతున్న మా మేనకోడలు మెట్ల మీద నిలబడి, "నోబడీ ఆస్క్‌డ్? నాట్ వన్ ఆఫ్ యూ?" అని అరిచింది. అమ్మ ఆ పొద్దున అడ్డం పెట్టిన చేతిని కొంగులో చుట్టుకుని సోఫాలో కూర్చుండిపోయిందట. గార్డులు చేయగలిగింది చేశారు; కొండల పొడుగునా కార్లు ఆపే చోట్లన్నీ ఒకటొకటిగా చూసుకుంటూ వచ్చారు. మాది చివరి వాటిలో ఒకటి.

అక్కడ నేను బావను నిద్రపోనివ్వకుండా జోకులు చెబుతున్నాను. తెలిసినవన్నీ అయిపోయాయి, అక్క పెళ్ళిలో వేసిన వాటి దగ్గరికి వచ్చాను. నవ్వుతున్నాడు, వణుకుతూ నవ్వుతున్నాడు. తర్వాత వణుకు ఆగింది. చలి తగ్గిందని సంబరపడ్డాను, అంత తెలివి నాది. ఇంకొకటి చెప్పాను. నవ్వలేదు. అంత చెత్త జోకు కాదు బావా అని కోప్పడి, మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. లైట్లు పట్టుకుని మనుషులు వచ్చేసరికి నేనింకా చెబుతూనే ఉన్నాను.

ఇప్పుడు రోజులు మారాయి. మనవాళ్ళు ఆదివారం వస్తే గుంపులుగా కొండలెక్కుతున్నారు. ఎక్కడ బండి పెడతారో, ఎన్నింటికి దిగుతారో ముందే ఊరందరికీ చెబుతున్నారు. కార్క్‌లో ఉద్యోగం చేసే మా మేనకోడలు ఫోనులో మేమందరం ఎక్కడ తిరుగుతున్నామో చుక్కలుగా కనబడాలి, కనబడకపోతే కేకలేస్తుంది. మంచిదే. అయినా, దూరమా అని మెత్తగా అడిగి, ఎటు వెళ్ళినా క్షేమంగా వస్తాడన్న ధీమాతో తలుపు దగ్గర నిలబడే ఆ నమ్మకం ఇక ఏ గుమ్మంలోనూ కనబడదు. దాని వల్లే బావ పోయాడని తెలిసి కూడా, ఆ మాట తలచుకుంటే నాకు అమ్మ గొంతే వినిపిస్తుంది, తియ్యగానే వినిపిస్తుంది. ఏం చేయను? అమ్మను అక్క ఒక్క మాట అనలేదు. అమ్మ కూడా ఆ తర్వాత ఎవరికీ అడ్డం చెప్పలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక, మొదటిసారి నేను హోటలుకు బయలుదేరిన రోజున, అక్క వచ్చి గుమ్మంలో నిలబడి, అమ్మ వింటుండగానే, గట్టిగా "ఎక్కడికిరా?" అంది. ఇల్లంతా బిగుసుకుపోయింది. నా నోరు ఊరుకుంటుందా, ఆ బిగువు సడలించాలని, "ఎక్కడికని అడిగేశావుగా అక్కా, ఇక వెళ్ళిన పని అయినట్టే," అన్నాను.

"కాకపోతే పీడా పోయె," అంది అక్క. "పని చెడి ఇంటికొచ్చేవాడే నాకు కావాలి."