ఎర్త్ లేని స్కోపు

మా ఫ్యాక్టరీలో ఆసిలోస్కోపు అద్దాల బీరువాలో ఉండేది. బీరువా తాళం ఇంజనీరు ప్యాంటు జేబులో ఉండేది. ఎలక్ట్రీషియన్‌గా చేరి ఆరేళ్లయినా దాన్ని అద్దంలోంచి చూడటమే తప్ప ముట్టుకున్న పాపాన పోలేదు నేను. తీగలో వోల్టేజీ ఎలా పెరుగుతోందో, ఎలా తగ్గుతోందో తెర మీద గీత గీసి చూపించే పరికరం అది. తీగలతో పనిచేసేవాళ్లకి దాన్ని ఇవ్వరు, కాగితాలతో పనిచేసేవాళ్లు దాచుకుంటారు. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఖరగ్‌పూర్ ఊరి చివర, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో చిన్న ఫ్యాక్టరీ మాది. అక్కడ సంచులు నింపి మూతి అంటించే మెషీన్ ఒకటుంది. దాని ప్యానెల్‌లో వైర్లన్నీ పాతబడితే నేనే కొత్తవి వేశాను. పవర్ సప్లై కూడా పాతదే, మార్చేద్దామంటే ఇంజనీరు వద్దన్నాడు. రెండు నెలలు తిరక్కుండా మెషీన్ రోజుకు మూడు నాలుగు సార్లు ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. ఇంజనీరు వచ్చి మల్టీమీటర్ పెట్టాడు. ఇరవై నాలుగు వోల్టులు కచ్చితంగా ఉన్నాయి. ఇంకేం, పక్కనే వేలాడే బ్రేక్‌డౌన్ రిజిస్టర్ తీసి ఎర్ర సిరాతో "వైరింగ్ లోపం" అని రాశాడు. అంటే నా లోపమని. నాది కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా ఆ రిజిస్టర్ చూసే పొడిగిస్తారు. గడువు ఇంకో నెలన్నర ఉంది.

ఆ ఇంజనీరు తెలుగువాడే. నాకంటే పదేళ్లు చిన్న, ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చాడు. మొదట్లో మనవాడని సంబరపడ్డాను కూడా. మేమేమో మూడు తరాల నుంచి ఇక్కడే పడి ఉన్న రైల్వే తెలుగువాళ్లం. మా మాట వింటే అతని పెదవి ఓ పక్కకి వంగేది.

"సార్, మీటరుకి అందనిది ఏటో ఉందండి. ఓపాలి స్కోపు పెట్టి సూద్దాం" అన్నాను.

"ఐటీఐ వాళ్లకి మల్టీమీటర్ చాలండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సాయంత్రమే ఫోన్‌లో వెతికి, మనమే అతికించుకునే స్కోపు కిట్ ఒకటి ఆర్డరు పెట్టాను. వారంలో వచ్చింది. అరచేయంత బోర్డు, చిన్న తెర, బియ్యపు నూకల్లాంటి సామాన్లు.

తాల్‌బగీచాలో మా ఇంటి వసారాలో, ఆదివారం పొద్దున్నే సోల్డరింగ్ పెట్టుకుని కూర్చున్నాను. నాన్న కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. ఆయన రైలు పట్టాల పైన వేలాడే కరెంటు తీగల మీద పనిచేసి రిటైరయ్యారు. ఆ పనిలో ఒక పద్ధతుంది. తీగ మీద చెయ్యి వేసేముందు దానికి రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలిస్తారు. పొరపాటున కరెంటొచ్చినా మనిషిలోంచి పోకుండా రాడ్‌లోంచి భూమిలోకి పోతుంది. రాడ్ తగిలించకుండా ఎక్కిన తోటిపనివాణ్ణి ఒకసారి కిందికి దించుకొచ్చింది మా నాన్నే. ఆయన నోటితో ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు, అమ్మ చెప్పింది. మిక్సీ కొన్నా, ఇస్త్రీపెట్టె కొన్నా ఆయన అడిగే మొదటి మాట మాత్రం ఒకటే, ఎర్త్ ఉందా అని.

సామాన్లన్నీ అతికించి స్విచ్ వేస్తే తెర వెలిగింది గానీ గీత మధ్యలో లేదు. పైఅంచున అంటుకుపోయి ఉంది. "పోయిందేటే?" అన్నారు నాన్న. "పోలేదు, ఎక్కడో అలిగి కూకుంది" అన్నాను. కిట్‌తో వచ్చిన కాగితంలో ఏ చోట ఎన్ని వోల్టులుండాలో రాసి ఉంది. వరసగా కొలుచుకుంటూ పోతే, సున్నాకి దిగువన ఉండాల్సిన మైనస్ వోల్టేజీ అసలు రావడం లేదు. అది పుట్టించే చిప్పు కాలొకటి సరిగ్గా అతకలేదు. పైకి మెరుస్తోంది, లోపల పట్టు లేదు. మళ్లీ కరిగించి అతికాను. గీత మెల్లగా తెర మధ్యకి దిగింది. పరీక్ష కోసం ఆ బోర్డే ఇచ్చే చదరపు అల పెడితే మూలలు గుండ్రంగా కనిపించాయి. చిన్న స్క్రూ ఒకదాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ తిప్పుతూ మూలలు నిలబెట్టాను. ఆ నిమిషాన నా ఆనందం ఇంతా అంతా కాదు.

పెట్టె కావాల్సి వచ్చింది. నాన్న లోపలికెళ్లి తన డ్యూటీ క్యారేజీ తెచ్చారు. రెండు గిన్నెల స్టీలు క్యారేజీ, ముప్పై ఏళ్లు ఆయన అన్నం మోసింది. పై గిన్నె మూతకి ఆకురాయితో కిటికీ కోసి తెర బిగించాం. అడాప్టర్ చూడగానే ఆయన మొహం మారిపోయింది.

"రెండు పిన్నులేనేటే? ఎర్త్ ఏదీ?"

"తొమ్మిది వోల్టులకి ఎర్త్ ఎందుకు నాన్నా?"

"ఎందుకని అడిగినోడు బతకడు. ఎయ్యి."

నేనూ ఆ ఇంట్లో పెరిగినదాన్నే, నాకూ అది వేదవాక్కే. మూడు పిన్నుల ప్లగ్గు తెచ్చి, ఆకుపచ్చ ఎర్త్ తీగని క్యారేజీకీ బోర్డు గ్రౌండ్‌కీ కలిపి అతికాను. నా చేతులతో నేనే అతికాను.

మర్నాడు భోజనాల వేళ, ఇంజనీరు క్యాంటీన్‌లో ఉండగా, మెషీన్ దగ్గర క్యారేజీ తెరిచాను. "దీదీ, టిఫిన్ మే క్యా హై?" అని, టిఫిన్‌లో ఏముందో చూద్దామని, మేమంతా అన్నలా దాదా అని పిలిచే ఆపరేటరు తొంగిచూశాడు. నేను వేసిన కనెక్షన్ వదులుగా ఉందనే కదా నా మీద నింద. ఆ కనెక్షన్‌కి ఇటుపక్క స్కోపు తీగ క్లిప్పు, అటుపక్క దాని కొలిచే ముల్లు పెడితే, వదులు ఉంటే కనపడుతుంది, లేకపోతే గీత చదునుగా ఉంటుంది. అంత తేలిక పని. మెషీన్ నడుస్తుండగా క్లిప్పు తగిలించాను. టప్‌మంది. ఫ్యూజు పోయి మెషీన్ చచ్చింది.

ఇంజనీరు చెయ్యి కడుక్కోకుండానే వచ్చాడు. క్యారేజీని, నన్ను చూశాడు. "ఇందులో అన్నం తెచ్చుకోండి మేడమ్, పప్పు తెచ్చుకోండి" అన్నాడు. నలుగురూ నవ్వారు. రిజిస్టర్‌లో ఇంకో ఎర్ర వరస పడింది. నేను క్యారేజీ మూత పెట్టి బిగించాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. ఎవరు చూస్తే నాకేం.

బస్సులో కూర్చున్నాక తెలిసొచ్చింది. క్లిప్పు అంటే బోర్డు గ్రౌండే. ఆ గ్రౌండ్‌ని నేను భూమికి కట్టేశాను. ఇరవై నాలుగు వోల్టుల తీగకి క్లిప్పు పెట్టడమంటే ఆ తీగని తిన్నగా భూమిలో పాతడమే. వేరే ఎవరింటి పిల్లయినా రెండు పిన్నుల అడాప్టర్‌తో హాయిగా చూసుకునేది. ఎర్త్ వేసి మరీ చెడగొట్టుకున్నది మా కొంపలోనే.

ఇంటికెళ్లి, ఎర్త్ తీగ కోసేస్తానన్నాను. నాన్న లేచి నిలబడ్డారు.

"ఎర్త్ తీసిందేదీ నా గుమ్మం దాటి లోపలికి రాకూడదు. నీకేటన్నా అయితే?"

"నాన్నా, నువ్వు రాడ్ ఎప్పుడు తగిలించీవోడివి?"

"ఎప్పుడేటి? లైను బందు సేసినాక. బందు సేసినట్టు కాయితం సేతికొచ్చినాక."

"బందు సెయ్యకుండా, కరెంటున్న తీగకి తగిలిస్తే?"

ఆయన ఠక్కున అన్నారు. "పేలిపోద్ది. మనిషీ ఉండడు, రాడ్డూ ఉండదు."

"నాను సేసింది అదే నాన్నా. నడుస్తున్న మెషీన్‌కి రాడ్ తగిలించినాను."

ఆయన కూర్చుండిపోయారు. నేను తగ్గలేదు, తగ్గదలుచుకోలేదు కూడా. చివరికి ఆయనే పాత కటింగ్ ప్లేయర్ తెచ్చి ఆకుపచ్చ తీగని కోశారు. కొనకి టేపు చుట్టారు, ఒకటి కాదు, నాలుగు చుట్లు. ఇరవై నాలుగు వోల్టులు దాటిన చోట ఈ పెట్టె పెట్టనని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఖరిదా బజార్లో ఆరు పెన్సిల్ సెల్స్, వాటిని పెట్టుకునే డబ్బా కొనుక్కొచ్చి కింది గిన్నెలో బిగించాను. గోడ ప్లగ్గుతో ఇక పనే లేదు.

ఈసారి భోజనాల వేళ దాకా ఆగలేదు. షిఫ్టు మొదట్లోనే, అందరూ చూస్తుండగా, ఇంజనీరు ఎదురుగానే ప్యానెల్ తలుపు తెరిచాను. "మళ్లీనా?" అన్నాడు. "మళ్లీనే" అన్నాను. ముందు నా కనెక్షన్ మీద పెట్టాను. మెషీన్ ఎంత ఊగినా గీత చదునుగా ఉంది. తర్వాత సప్లై మీద పెట్టాను. మెషీన్ వాల్వులన్నీ ఒక్కసారి కరెంటు లాగినప్పుడల్లా గీత గభాలున గుంటలో పడి లేస్తోంది. రెప్పపాటు కూడా ఉండదు, మల్టీమీటర్ దాన్ని ఎక్కడ పట్టుకుంటుంది? గంట గడిచాక మెషీన్ ఆగింది. బటన్ నొక్కి బొమ్మ నిలిపేశాను. ఇరవై నాలుగు నుంచి పదమూడుకి పడిన గుంట, అందరికీ కనపడేలా.

"ఇది బొమ్మ కిట్. దీన్ని ఎలా నమ్ముతాం?" అన్నాడు ఇంజనీరు.

"నమ్మొద్దండి. బీరువా తియ్యండి."

తీశాడు. తియ్యక తప్పలేదు. పెద్ద స్కోపు పెట్టి చూస్తే అదే గుంట, అక్కడే. సప్లై లోపల కెపాసిటర్లు ఎండిపోయి ఉన్నాయి. కొత్త సప్లై పెట్టాక మెషీన్ సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. "సరే, ప్యానెల్ మూసేయండి" అన్నాడతను.

నేను ముయ్యలేదు. "రిజిస్టర్‌లో వైరింగ్ లోపమని ఉంది కదండీ. అది కొట్టెయ్యండి."

"రాసింది కొట్టేయకూడదు. ఆడిట్‌లో అడుగుతారు."

"అడిగితే నన్ను పిలవండి. క్యారేజీ అట్టుకొస్తాను."

ఆపరేటరు దాదా రిజిస్టర్ మేకు మీంచి తీసి అతని చేతిలో పెట్టాడు. ప్యానెల్ తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. ఒక్కో వరసా వెతికి, ఒక్కో గీత గీసి, పక్కన "సప్లై లోపం" అని రాసి సంతకం పెట్టేదాకా కదల్లేదు. అప్పుడు తలుపు మూశాను.

ఇంటికొచ్చేసరికి నాన్న గుమ్మంలోనే ఉన్నారు. "ఏటైందే?" అన్నారు.

"కొట్టేసినాడు నాన్నా."

ఆయన నా చేతిలోంచి క్యారేజీ అందుకున్నారు. మూత తీసి, కోసిన ఆకుపచ్చ తీగ కొనకి చుట్టిన టేపు ఊడలేదు కదా అని వేలితో నొక్కి చూసుకున్నారు.