మునెమ్మ నేయని గుడ్డ

ఇరవై ఏళ్ళకు పైగా ఒక సంతకాన్ని గుండెల మీద మోస్తున్నాను. అది మునెమ్మది. పెట్టింది నేను. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

దేశం విదేశీ వ్యాపారానికి తలుపులు తెరిచిన కొత్తలో, తమిళనాడులోని వేలూరులో ఒక ఎగుమతి కంపెనీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మనలాంటి పేద దేశాల్లో చేత్తో నేసిన గుడ్డకు పై దేశాలవాళ్ళు సుంకం తగ్గించేవాళ్ళు. మరమగ్గాలతో పోటీపడలేని నేతగాళ్ళకు కాస్త చోటు దొరకాలని పెట్టిన ఏర్పాటు అది. న్యాయమైనదే. మా కొనుగోలుదారు మాత్రం నేసినవాళ్ళ సంతకం ఉన్న పత్రం కూడా అడిగేవాడు.

దగ్గర్లోని గుడియాత్తంలో మునెమ్మ మా కంపెనీకి లుంగీలు నేసేది. అంతటి నేత నేను మళ్ళీ చూడలేదు. తెగిన పోగును ఎక్కడ ముడివేసిందో వేలితో తడిమినా తెలిసేది కాదు. భర్త పోయాక నలుగురు ఆడవాళ్ళకు పని నేర్పి, తన మగ్గాలతోనే వాళ్ళనూ నిలబెట్టింది.

ఒకసారి పెద్ద ఆర్డరు వచ్చింది. గడువు చాలదని మా యజమాని మరమగ్గాల గుడ్డ తెప్పించి, అది మునెమ్మ నేసిందేనని సంతకం తెమ్మన్నాడు. వెళ్ళాను. ఆమె గుడ్డను వెలుతురుకు పట్టి చూసింది.

"ఇది మిషను గుడ్డ నాయనా. నేను నేసినానని యెట్ల సెప్పేది?"

తిరిగొచ్చి, ఆమె పాత పత్రం పక్కన పెట్టుకుని, ఆ తమిళ సంతకాన్ని దించేశాను. ఉద్యోగం పోతుందన్న భయమేనా? కాదు, అచ్చం ఆమె చేతిరాతలాగే వచ్చిందని ఆ క్షణంలో లోపల ఎక్కడో చిన్న గర్వం కూడా కలిగిందని ఇప్పుడు ఒప్పుకోవాలి.

అవతలి రేవులో పరీక్షించారు. మోసం బయటపడింది. కాగితం మీద ఉన్న పేరు మునెమ్మది. ఆమె నిజంగా చేత్తో నేసిన లుంగీలు కూడా వెనక్కి వచ్చేశాయి. ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నా ఉద్యోగం మిగిలింది.

కొన్నాళ్ళకు ఆమె మా ఆఫీసుకు వచ్చి, తిరిగొచ్చిన లుంగీ ఒకటి నా బల్ల మీద పరిచింది.

"యాడ తప్పుండాదో సూపించప్పా. నా కండ్లకు కనపళ్ళేదు. సూపిస్తే సరిచేసుకొంటా."

"నాకు తెలీదమ్మా" అన్నాను.

"సరేలే, నువ్వేం సేస్తావు" అంటూ మడిచి తీసుకుపోయింది.

ఎగుమతి పని పోయాక, ఆ చుట్టుపక్కలే ఉన్న ఒడుగత్తూరు అంగళ్ళకు తువ్వాళ్ళు నేసిందట. ఆ నలుగురిలో ఒక్కరినీ మగ్గం దిగనివ్వలేదట. చౌక సరుకని నేత పలచన చేయలేదట. ఇదంతా విని లోలోపల చేతులు జోడించానే గాని, బస్సెక్కితే గంటలో చేరే ఆమె ఊరికి ఒక్కసారీ పోలేదు. తిడుతుందని భయపడ్డానా? తిట్టదని తెలుసు. దానికే భయపడ్డాను.

ఆమె ఇప్పుడు లేదు. ఆ రోజు బల్ల దగ్గర అనవలసిన మాట ఇక్కడ రాస్తున్నాను. నీ నేతలో తప్పు లేదమ్మా. తప్పు చేసింది నేను.

క్షమించేవాళ్ళు ఎవరూ లేరు. అయినా, రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.